కొత్త పన్ను విధానంలో ఎన్‌పీఎస్: మనం కడితే ఏముంది, కంపెనీ కడితే ఏముంది?

కొత్తశ్లాబు:
అందరికీ నమస్కారం. 2025-26 ఆర్థిక సంవత్సరం లెక్కలకు సంబంధించి కొన్ని సందేహాలు. విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

ప్రైవేటు ఉద్యోగం. మూల వేతనం నెలకు 80,000, ఏడాదికి 9,60,000. కంపెనీ పీఎఫ్ వాటా పక్కన పెడితే స్థూల జీతం 20,00,000. పీఎఫ్ రెండువైపులా పూర్తి మూల వేతనం మీద 12 శాతం. సొంతంగా తెరిచిన ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) టియర్-1, అంటే పింఛను కోసం ఉండే ప్రధాన ఖాతా ఉంది. పాత విధానంలో ఉన్నన్నాళ్లూ అందులో ఏటా 50,000 వేసి 80సీసీడీ(1బీ) కింద (ఎన్‌పీఎస్ చందాకి విడిగా ఇచ్చే 50,000 మినహాయింపు) చూపించేవాణ్ణి. ఇప్పుడు కొత్త విధానంలోకి మారాను.

ఒకటి, ఆ 50,000 ఇకమీదట వేసినా పన్నులో ఏమైనా కలిసొస్తుందా? రెండు, కంపెనీ ఎన్‌పీఎస్‌లో చేరతారా అని హెచ్‌ఆర్ వాళ్లు అడుగుతున్నారు. మూల వేతనంలో 14 శాతం దాకా కడతారట, కానీ ఆ మేరకు స్పెషల్ అలవెన్సు తగ్గిస్తారట. నా డబ్బే తిప్పి నాకిస్తున్నట్టుంది, దీనివల్ల లాభమేమిటి? మూడు, ఇప్పటికే చేరిన సహోద్యోగి ఫారం 16లో ఆ సొమ్మంతా స్థూల జీతంలో కలిపి ఉంది. అది తప్పు కాదా? నాలుగు, 7.5 లక్షల పరిమితి అంటున్నారు, అది దేనికి?

పద్దుపుస్తకం:
కొత్త విధానంలో మీ బ్యాంకు ఖాతా నుంచి మీరు కట్టే ఎన్‌పీఎస్‌కి ఒక్క రూపాయి మినహాయింపు కూడా రాదండీ. 80సీ (పీఎఫ్, బీమా లాంటి పొదుపులు), 80సీసీడీ(1) (సొంత ఎన్‌పీఎస్ చందా), 80సీసీడీ(1బీ) మూడూ పాత విధానానికే పరిమితం. కొత్త విధానం ఒప్పుకునేది 80సీసీడీ(2) ఒక్కటే, అంటే యజమాని కట్టే వాటా. ఖాతా అదే, ప్రాన్ (ఎన్‌పీఎస్ శాశ్వత ఖాతా) నంబరు అదే, డబ్బు చేరేదీ ఆ ఫండులోకే. ఎవరి చేతిమీదుగా చేరిందన్న దాన్నిబట్టే పన్ను తేలుతుంది. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. డబ్బు మీదే, కానీ జీతంగా చేతికొస్తే పన్ను పడుతుంది, కంపెనీ వాటాగా ఖాతాకి వెళ్తే పడదు.

పరిమితి సంగతి: 2024-25 నుంచి కొత్త విధానంలో ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా అందరికీ జీతంలో 14 శాతం. పాత విధానంలో ప్రైవేటువాళ్లకి ఇప్పటికీ 10 శాతమే. ఇక్కడ జీతమంటే మూల వేతనం, ఉద్యోగ నిబంధనల్లో ఉంటే దానికి కరువు భత్యం. అంతే. ఇంటద్దె భత్యం, స్పెషల్ అలవెన్సు, బోనస్ లెక్కలోకి రావు. 20 లక్షల మీద 14 శాతం వేసుకుని 2.8 లక్షలు తగ్గుతుందనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. మీకు 9,60,000 మీద వచ్చేది 1,34,400, నెలకు 11,200.

ఇప్పుడు మీ లెక్క. చేరకపోతే 20,00,000లో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 19,25,000. 4 నుంచి 8 లక్షల మీద 20,000, 8 నుంచి 12 మీద 40,000, 12 నుంచి 16 మీద 60,000, మిగతా 3,25,000 మీద 20 శాతం చొప్పున 65,000. మొత్తం 1,85,000, సెస్సు 4 శాతం కలిపితే 1,92,400. చేరితే పన్ను పడే ఆదాయం 17,90,600కి దిగుతుంది. పన్ను 1,58,120, సెస్సుతో సుమారు 1,64,445. తేడా 27,955. నెలవారీగా చూస్తే అలవెన్సు 11,200 తగ్గుతుంది, టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) దాదాపు 2,330 తగ్గుతుంది. అంటే చేతికొచ్చే జీతంలో నెలకు 8,870 తక్కువ పడుతుంది, ఎన్‌పీఎస్‌లో 11,200 చేరుతుంది.

‘పాత విధానంలోకి వెనక్కి వెళ్తే 50,000 కూడా కలిసొస్తుంది కదా’ అని అడుగుతారేమో, అదీ చూద్దాం. స్టాండర్డ్ డిడక్షన్ అక్కడ 50,000. 80సీ మొత్తం 1,50,000, (1బీ) 50,000, కంపెనీ వాటా 10 శాతం చొప్పున 96,000. ఇవన్నీ తీసేస్తే 16,54,000. దాని మీద పన్ను 3,08,700, సెస్సుతో 3,21,048. కొత్త విధానంలో వచ్చిన 1,64,445తో సరితూగాలంటే ఇంటద్దె భత్యం, గృహరుణ వడ్డీ లాంటివి కలిపి ఇంకో 5,02,000 దాకా చూపించగలగాలి. పెద్ద నగరంలో పెద్ద అద్దె కట్టేవాళ్లకి తప్ప ఇది కుదరదు. మీ అద్దె రసీదులు, రుణ వడ్డీ ఆ అంకెకి చేరితే సరే, లేకపోతే కొత్త విధానమే మీకు మేలు.

పేరోల్‌బల్ల:
పైన చెప్పింది సరిగ్గా ఉంది. నేను మూడో ప్రశ్న, చేరే పద్ధతి గురించి చెప్తాను. ఎక్కువ గొడవలు వచ్చేవి అక్కడే.

ఫారం 16లో కంపెనీ వాటా స్థూల జీతంలో కనిపించడం తప్పు కాదు. చట్టమే అలా రాసింది. యజమాని ఎన్‌పీఎస్‌లో వేసిన సొమ్ము ముందు సెక్షన్ 17(1) కింద జీతంలో కలుస్తుంది, తర్వాత 80సీసీడీ(2) కింద తీసివేత వస్తుంది. పీఎఫ్ అలా కాదు, అది 12 శాతం వరకూ జీతంలో కలవనే కలవదు. అందుకే పీఎఫ్‌కి అలవాటుపడిన కళ్లకి ఎన్‌పీఎస్ పద్దు తేడాగా అనిపిస్తుంది. చూడాల్సింది పార్ట్-బిలో రెండు చోట్ల: 17(1) అంకెలో కలిసిందా, కింద ఆరో-ఎ అధ్యాయం మినహాయింపుల్లో 80సీసీడీ(2) ఎదురుగా అదే అంకె ఉందా. కలిపి, తీసివేయకపోతే పన్ను ఎక్కువ పడుతుంది. కలపకుండా తీసివేస్తే పన్ను తక్కువ పడుతుంది, ఆ తర్వాత నోటీసు వస్తుంది.

రిటర్న్ నింపేటప్పుడు ఈ సొమ్మును (1బీ) గడిలో వేసేవాళ్లున్నారు. కొత్త విధానంలో ఆ గడికి విలువ ఉండదు కాబట్టి మినహాయింపు మొత్తం పోతుంది. (2) గడిలోనే వేయాలి. పాత విధానంలో వేసేవాళ్లు ఉద్యోగ స్వభావం అన్న చోట సరైనది ఎంచుకోవాలి, 10 శాతమా 14 శాతమా అన్నది దాన్నిబట్టే నడుస్తుంది.

ఇక చేరడం. మీకు ఇప్పటికే ప్రాన్ ఉంది కాబట్టి కొత్తది తీసుకోవద్దు. ఒక మనిషికి ఒకటే ప్రాన్. హెచ్‌ఆర్ ఇచ్చే ఫారంలో కొత్త ఖాతా అని టిక్ పెట్టేస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. ఉన్న ప్రాన్‌ని వ్యక్తిగత విభాగం నుంచి కార్పొరేట్ విభాగానికి, మీ కంపెనీ కిందికి మార్పించాలి. ఆ మార్పు పూర్తయ్యాకే కంపెనీ చందా ఎక్కించగలదు. పాన్‌లో పేరు, ప్రాన్‌లో పేరు ఒకేలా లేకపోయినా, పుట్టిన తేదీ తేడా ఉన్నా పని ఆగిపోతుంది. ఇంటిపేరు పొడి అక్షరంతో ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉండటం మనవాళ్లకి మామూలే, ముందే సరిచూసుకోండి.

ఇంకో సంగతి. కొన్ని కంపెనీలు ఫండ్ మేనేజర్‌నీ, ఈక్విటీ వాటానీ తామే నిర్ణయిస్తాయి, కొన్ని ఉద్యోగికి వదిలేస్తాయి. మార్పించే ముందు అడగండి. మీరు ఎంచుకున్న ఈక్విటీ శాతం మారిపోతే తర్వాత గమనించుకోవడం కష్టం.

మధ్యలో చేరితే ఏమవుతుందన్నది కూడా చెప్పాలి. చట్టం 14 శాతాన్ని ఆ ఏడాది జీతం మీద లెక్కిస్తుంది, నెల జీతం మీద కాదు. అంటే అక్టోబరులో చేరినవాళ్లకి మిగిలిన నెలల్లో వాటా పెంచి కట్టినా ఏడాది జీతంలో 14 శాతం దాటనంతవరకూ మినహాయింపు వస్తుంది. అయితే చాలా పేరోల్ సాఫ్ట్‌వేర్లు నెలకు 14 శాతం దగ్గరే ఆపేస్తాయి. కంపెనీ ఒప్పుకుంటుందేమో ముందే రాతపూర్వకంగా అడగాలి.

మార్చి నెల వాటా ఏప్రిల్‌లో ఖాతాలో పడితే వార్షిక స్టేట్‌మెంటుకీ ఫారం 16కీ ఒక నెల తేడా కనిపిస్తుంది. మార్చి పేస్లిప్పు దాచుకోండి. ఎవరైనా అడిగితే చూపించాల్సింది అదే.

నల్లబల్ల:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మేం 2004 సెప్టెంబరు తర్వాత చేరిన ప్రభుత్వ ఉపాధ్యాయులం, సీపీఎస్, అంటే మా పింఛను వాటాలు కూడా ఎన్‌పీఎస్‌కే వెళ్తాయి. మూల వేతనం, డీఏ కలిపి నెలకు 70,000 అనుకుందాం. నా వాటా 7,000 కోస్తారు, ప్రభుత్వం అంతే వేస్తుంది. గృహరుణం ఉంది కాబట్టి పాత విధానంలోనే ఉన్నాను. జీవిత బీమా ప్రీమియం, పిల్లల ఫీజులు, గృహరుణం అసలు కలిపి 80సీలో 1,50,000 నిండిపోయింది. కోత పడిన 84,000 మొత్తం 80సీసీడీ(1)లో చూపించారు, దానివల్ల ఉపయోగం లేదంటున్నారు. (1బీ) కావాలంటే విడిగా ఇంకో 50,000 కట్టాలా?

పద్దుపుస్తకం:
మాస్టారూ, విడిగా కట్టక్కర్లేదు. చాలా ఏళ్లుగా చాలామంది సీపీఎస్ ఉద్యోగులు నష్టపోతున్నది ఇక్కడే కాబట్టి విడమరచి చెప్తాను.

80సీ, 80సీసీసీ, 80సీసీడీ(1) మూడింటికీ కలిపి 1,50,000 గీత. (1బీ) ఆ గీతకి బయట ఉంది, విడిగా 50,000. జీతంలోంచి తప్పనిసరిగా కోసిన సొమ్ముకి (1బీ) వర్తించదని చట్టంలో ఎక్కడా లేదు. ఒకటే షరతు, (1)లో చూపించిన రూపాయిని మళ్లీ (1బీ)లో చూపించకూడదు. కాబట్టి మీ 84,000ని రెండుగా విడదీయాలి: 50,000 (1బీ)లో, మిగతా 34,000 (1)లో. ఆ 34,000 ఎలాగూ 1,50,000 గీత దాటిపోయింది, దానివల్ల అదనంగా ఏమీ రాదు. కానీ 50,000 మాత్రం పూర్తిగా కలిసొస్తుంది. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో 10,400, 30 శాతంలో ఉంటే 15,600.

జీతాల బిల్లులు చేసే డీడీఓ గారికి ఇచ్చే పన్ను స్టేట్‌మెంటులోనే ఇలా విడదీసి రాయండి. అక్కడ కుదరకపోయినా ఫర్వాలేదు, గడువులోగా వేసే రిటర్న్‌లో మీరే రాసుకోవచ్చు, టీడీఎస్ ఎక్కువ కట్టింది వాపసు వస్తుంది. ప్రాన్ నంబరు దగ్గర పెట్టుకోండి, రిటర్న్‌లో అడుగుతుంది. గడువు దాటి వేస్తే మాత్రం పాత విధానం ఎంచుకునే వీలుండదు. అప్పుడు గృహరుణం, 80సీ, (1బీ) అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి.

ప్రభుత్వ వాటా సంగతి పేరోల్‌బల్ల గారు చెప్పినట్టే. ముందు జీతంలో 84,000 కలపాలి, తర్వాత 80సీసీడీ(2)లో తీయాలి. కొందరి స్టేట్‌మెంట్లలో ప్రభుత్వ వాటా జీతంలో కలపకుండా నేరుగా మినహాయింపులో వేస్తున్నారు. అది తప్పు, ఆదాయం 84,000 తక్కువ చూపించినట్టవుతుంది. రెండుచోట్లా వేయండి, ఫారం 16లో రెండుచోట్లా లేకపోయినా పన్ను మొత్తం మారదు.

ముందుచూపు:
కొత్తశ్లాబు గారికి ఇంకో కోణం. పన్ను ఆదా ఒక్కటే చూసి 14 శాతానికి సంతకం పెట్టకండి. ఎన్‌పీఎస్‌లో మధ్యలో కొంత సొమ్ము తీసుకునే వీలుందని అందరూ చెప్తారు, కానీ దాని లెక్క మీరు స్వయంగా వేసిన చందాలో 25 శాతం. కంపెనీ వాటా అందులోకి రాదు, రాబడీ రాదు. మీరు సొంతంగా వేయడం మానేసి మొత్తం కంపెనీ దారిలోనే పంపిస్తే, ఇల్లు, వైద్యం, పిల్లల చదువు లాంటి అవసరం పడినప్పుడు తీసుకోవడానికి పాత చందాల లెక్క తప్ప ఏమీ ఉండదు. అత్యవసర నిధి విడిగా లేనివాళ్లు 14కి బదులు 8 లేదా 10 శాతంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. శాతం ఏటా మార్చుకునే వీలుందో లేదో కంపెనీని అడగండి.

బయటికొచ్చేటప్పుడు పన్ను కూడా గుర్తుండాలి. ఖాతా ముగించినప్పుడు నిధిలో 60 శాతం వరకూ ఒకేసారి తీసుకునే సొమ్ముపై సెక్షన్ 10(12ఎ) కింద పన్ను లేదు. యాన్యుటీ (నెలనెలా పింఛను ఇచ్చే బీమా పథకం) కొనడానికి వెళ్లేదానిమీద కొనేటప్పుడు పన్ను లేదు గానీ, తర్వాత నెలనెలా వచ్చే పింఛను ఆ ఏటి ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఇవాళ తప్పించుకున్న పన్నులో కొంత భాగం వాయిదా పడిందంతే.

అయితే ఒక వర్గానికి మాత్రం కంపెనీ ఎన్‌పీఎస్ దాదాపు కళ్లు మూసుకుని తీసుకోవాల్సినంత మంచిది: పన్ను పడే ఆదాయం 12 లక్షలు కొంచెం దాటినవాళ్లు. ఉదాహరణకి స్థూల జీతం 13,70,000, మూల వేతనం 6,85,000. ఎన్‌పీఎస్ లేకపోతే 75,000 పోగా 12,95,000, పన్ను 74,250, సెస్సుతో 77,220. కంపెనీ 14 శాతం చొప్పున 95,900 వేస్తే ఆదాయం 11,99,100కి దిగి, 12 లక్షలు దాటనివాళ్లకి పన్ను మాఫీ చేసే 87ఎ రిబేటు పరిధిలో పడుతుంది. పన్ను సున్నా. 95,900 పక్కన పెట్టినందుకు 77,220 మిగిలింది. ఇంత రాబడి వేరే ఏ పెట్టుబడిలోనూ మొదటి ఏడాదే రాదు. మూలధన లాభాల లాంటి ప్రత్యేక రేట్ల ఆదాయం ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క విడిగా వేసుకోవాలి, ఆ పన్నుకి ఈ రిబేటు వర్తించదు.

12 లక్షల లోపే ఉన్నవాళ్లకి ఎలాగూ పన్ను లేదు. వాళ్లు పన్ను కోసం దీన్ని తీసుకోనక్కర్లేదు, పింఛను కోసం కావాలనుకుంటే తీసుకోవచ్చు.

కొత్తశ్లాబు:
చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. ఫారం 16 అనుమానం తీరింది. నాలుగోది మిగిలింది. దాంతోపాటు ఇంకొకటి: స్వచ్ఛంద పీఎఫ్ కూడా పెంచుదామనుకుంటున్నాను, దానికి ఎక్కడైనా గీత ఉందా?

పద్దుపుస్తకం:
రెండు గీతలున్నాయి, రెండూ వేర్వేరు. కలిపేసుకోకండి.

7.5 లక్షలది యజమాని వాటాలకి. 2020-21 నుంచి కంపెనీ మీ తరఫున పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపర్‌యాన్యుయేషన్ (కంపెనీ పెట్టే మరో పింఛను నిధి) మూడింట్లో కలిపి ఏడాదికి 7,50,000 దాటి వేస్తే, దాటిన సొమ్ము పెర్క్విజిట్‌గా, అంటే జీతంతోపాటు ఇచ్చిన అదనపు ప్రయోజనంగా, మీ జీతంలో కలుస్తుంది. దాటిన భాగం మీద వచ్చే రాబడి కూడా ఏటేటా 3బీ నియమం ప్రకారం లెక్కగట్టి కలుపుతారు. బాధంతా ఈ రెండోదానితోనే. ఒక్క ఏడాది గీత దాటినా, ఆ సొమ్ము ఖాతాలో ఉన్నన్నాళ్లూ దాని రాబడికి పన్ను పడుతూనే ఉంటుంది. ఫారం 16తోపాటు కంపెనీ ఇచ్చే ఫారం 12బీఎలో చూస్తే తెలుస్తుంది.

మీకు ఆ భయం లేదు. పీఎఫ్ 1,15,200, ఎన్‌పీఎస్ 1,34,400, మొత్తం 2,49,600. పీఎఫ్ 12, ఎన్‌పీఎస్ 14 చొప్పున పూర్తిగా తీసుకునేవాళ్లకి మూల వేతనం నెలకు 2,40,000 దాటితే గీత తగులుతుంది. నెలకు 3,00,000 ఉన్నవాళ్లని చూడండి: పీఎఫ్ 4,32,000, ఎన్‌పీఎస్ 5,04,000, కలిపి 9,36,000. దాటింది 1,86,000. ఇలాంటివాళ్లు ఎన్‌పీఎస్‌ని 3,18,000 దగ్గర, అంటే సుమారు 8.8 శాతం దగ్గర ఆపుకోవాలి. ఇంకో జాగ్రత్త: ఈ గీత మనిషికి, కంపెనీకి కాదు. ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే రెండు కంపెనీల వాటాలూ కలిపి చూడాలి. కొత్త కంపెనీకి పాతదాని వివరాలు ఇవ్వకపోతే ఇద్దరూ విడివిడిగా లెక్కవేసి గీత దాటలేదంటారు.

రెండో గీత మీ సొంత పీఎఫ్ వాటాకి. 2021 ఏప్రిల్ నుంచి ఉద్యోగి వాటా, స్వచ్ఛంద వాటా కలిపి ఏడాదికి 2,50,000 దాటితే దాటిన భాగం మీద వడ్డీకి పన్ను. అసలుకి కాదు, వడ్డీకే. పీఎఫ్ వాళ్లు 9డీ నియమం కింద పన్ను పడే భాగాన్ని వేరే ఖాతాగా ఉంచుతారు. మీ వాటా 1,15,200 ఇప్పటికే పోతోంది కాబట్టి స్వచ్ఛందంగా 1,34,800 వరకూ, నెలకు 11,200 దాకా, పెంచుకోవచ్చు. అంతకంటే వేస్తే వడ్డీని మీ శ్లాబు ప్రకారం ఇతర ఆదాయంలో చూపించాలి.

మీరు కొత్త విధానంలో ఉన్నారు కాబట్టి స్వచ్ఛంద పీఎఫ్‌కి వేసేటప్పుడు మినహాయింపు లేదు, గీత లోపల వడ్డీకి పన్ను లేకపోవడమే లాభం. డబ్బు కొంతే మిగులుతుందంటే ముందు కంపెనీ ఎన్‌పీఎస్, తర్వాత స్వచ్ఛంద పీఎఫ్ అని నేను వరస పెడతాను.

పేరోల్‌బల్ల:
ఒక్క మాట జోడిస్తాను. పైన చెప్పిన సెక్షన్ నంబర్లన్నీ 1961 చట్టంవి, 2025-26 రిటర్న్‌కి అవే వాడాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది, నంబర్లు మారతాయి. ఆ తర్వాత హెచ్‌ఆర్ పోర్టల్‌లో 80సీసీడీ(2) అన్న పేరు కనిపించకపోతే కంగారుపడకుండా ఎన్‌పీఎస్‌కి యజమాని వాటా అన్న వరుస వెతకండి. చేరే ముందు సవరించిన జీతం విభజన కాగితం తీసుకోండి. అందులో మూల వేతనం తగ్గకుండా స్పెషల్ అలవెన్సు మాత్రమే తగ్గిందని చూసుకోండి. మూల వేతనం తగ్గిస్తే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా తగ్గుతాయి.